నలుగురితో సర్దుకుపోవాలి

ఫోనులో టీచరు పలికింది 'సర్దు'. తాత చెవిన పడింది 'సర్ది'. కొమ్ము ఉండాల్సిన చోట ఆయన గుడి కట్టేశాడు.

కథ మొదలైంది సరిగ్గా ఆ ఫోను దగ్గరే. శుక్రవారం, పొద్దున్న పదిన్నర. చిన్నపిల్లల బడి నుంచి టీచరు అన్న మాటలివి: "మీ మనవరాలు ఇంకా సర్దుకోలేదండీ. మూడు వారాలైపోయింది. వెంటనే వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని రండి. పెద్ద మేడమ్ ఇవాళ తేల్చేస్తానంటున్నారు."

తాతకు చేరిన మాటలివి: "మీ మనవరాలికి ఇంకా సర్ది పోలేదండీ. మూడు వారాలైపోయింది. పెద్ద మేడమ్ ఇవాళ తేల్చేస్తానంటున్నారు." జలుబుని తేల్చేసే మేడమ్ అంటే డాక్టరమ్మే అయ్యుంటుందని ఆయన తేల్చేసుకున్నాడు.

తాతని తప్పుపట్టి లాభం లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పిండిమర నడిపిన చెవులవి. మర మూతబడి పదేళ్ళయింది కానీ మోత మూతబడలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి కరెంటులాగా వస్తుంది, పోతుంది, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. వినపడని మాటల్ని ఆయన ఊహించుకుని పూరిస్తాడు. పూరించినవన్నీ పూర్తిగా తప్పు. వెంటనే కొడుక్కి ఫోను చేశాడు.

"ఒరేయ్, పిల్లకి సర్దిరా! ముదిరిందట! మూడు వారాలట!"

"సర్దేంటి నాన్నా? పొద్దున్న బానే ఉంది కదా?"

"పెద్ద మేడమే చూస్తుందటరా! ఛాతీలోకి దిగిపోయిందేమో!"

కొడుకు పని సామాన్లు సర్దడం. ఇళ్ళు మారేవాళ్ళ సామానంతా అట్టపెట్టెల్లో సర్ది, టేపు వేసి, లారీకెక్కించే కంపెనీలో పదకొండేళ్ళుగా చేస్తున్నాడు. తోటివాళ్ళు అతన్ని 'టేపు' అంటారు. చేతికెప్పుడూ టేపు చుట్ట తగిలించుకుని ఉంటాడని కొందరి వివరణ, నోటికి కూడా వేసుకుంటాడని మరికొందరి వివరణ. అట్టపెట్టెల మనిషి, అట్టే మాట్లాడడు. తండ్రి మాట వినగానే ఎవరివో గాజు గ్లాసులు సగం సర్దిన పెట్టె అలాగే వదిలేసి మూడంతస్తుల మెట్లు దిగాడు. కింద గుమ్మానికి అడ్డంగా మేస్త్రీ.

"ఈ నెలలో ఇది ఐదోసారి. ఇప్పుడు వెళ్తే వెళ్ళు. మళ్ళీ వెళ్తే, మళ్ళీ రాకు."

టేపు వెళ్ళాడు.

తండ్రీ కొడుకులు బడి గేటు దగ్గర కలుసుకున్నారు. తాత చేతిలో ఉన్ని మఫ్లరు, జేబులో దగ్గుమందు సీసా. లోపల వరండాలో బల్ల మీద జానెడు కూర్చుని ఉంది. జానెడంత ఉన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు అది. నాలుగేళ్ళు నిండి ఐదు నెలలైనా, మూడడుగులు ఎదిగినా, పేరు ఎదగలేదు. కాళ్ళకు బూట్లు, వీపున సంచి, ఇప్పుడే రైలెక్కబోయేదానిలాగా నిటారుగా కూర్చుంది. తుమ్ము లేదు, దగ్గు లేదు. తాత ఆలస్యం చేయకుండా మఫ్లరుతో మెడా, చెవులూ, సగం మొహం కప్పేసి మందుసీసా మూత తిప్పాడు. టీచరు పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, సర్ది కాదండీ! సర్దు! సర్దుకోవడం!"

"ఆఁ?"

"సర్-దు-కో-వ-డం! పిల్ల బడిలో సర్దుకోవడం లేదు అన్నాను!"

తాత మూత బిగించి సీసా జేబులో పెట్టుకున్నాడు. "జలుబైతే బాగుండేది," అన్నాడు. "వారంలో పోయేది."

నిజమే. ఇది పోయే జబ్బులాగా లేదు. పోయేదేదైనా ఉంటే అది సీటే.

ఈ బడి కోసం ఆ ఇంట్లో జరిగిన తయారీ ఇంతా అంతా కాదు. నెల రోజుల ముందే మొదలుపెట్టాడు టేపు. బూటు పట్టీ అతికించుకోవడం నేర్పాడు. మూత తిప్పి నీళ్ళు తాగడం నేర్పాడు. అర్జెంటైనప్పుడు చెయ్యెత్తి అడగడం నేర్పాడు. ప్రతి ఆదివారం ఖాళీ బడి దాకా నడిపించుకెళ్ళి, గేటు చువ్వ చేత్తో ముట్టించి, "పొద్దున్న ఇక్కడ వదుల్తాను, సాయంత్రం ఇక్కడే తీసుకుంటాను" అని చెప్పేవాడు. ఇంట్లో బడి ఆట ఆడేవారు. టీచరుగా తాత. గరిటెతో పళ్ళెం మీద గంట కొట్టి హాజరు పిలిచేవాడు. జానెడు "ఉన్నాను" అనేది. ఆయనకు వినపడక గైర్హాజరు వేసేవాడు.

ఇంత చేసినా లాభం లేకపోయింది. ఆ పిల్ల బడిలో చేర్చబడి, కుర్చీలో కూర్చోబెట్టబడి, బొమ్మలతో ఊరించబడి, చివరికి గుమ్మం పక్కన వదిలేయబడింది. ఏ మాట చివర చూసినా బడే తప్ప, బడిలో మాత్రం పిల్ల లేదు. పోనీ ఏడ్చిందా అంటే అదీ లేదు. ఏడ్చే పిల్లల్ని ఎలా చూసుకోవాలో టీచరుకు తెలుసు, వాళ్ళు పది రోజుల్లో దారికొస్తారు. ఈ పిల్ల పాట పాడదు, ఆటకి రాదు, బూట్లు విప్పదు, సంచి దించదు. గుమ్మం పక్కన నిలబడుతుంది. టీచరు కన్ను కాస్త మళ్ళితే మాయమవుతుంది. వెతకబోయేలోపు ఎక్కడినుంచో వచ్చి మళ్ళీ అక్కడే నిలబడుతుంది.

సాయంత్రం గేటు దగ్గర టేపు రోజూ అడిగేవాడు.

"ఇవాళ సర్దుకున్నావా చిట్టీ?"

"సర్దుకున్నా నాన్నా."

"బాగా?"

"బాగా. ఇంకా కొంచెం ఉంది."

"రేపు?"

"రేపు ఇంకొంచెం."

ఆ 'కొంచెం' మీదే అతను మూడు వారాలు బతికాడు. వేరే దారి లేదు మరి. పిల్ల తల్లి ఇల్లు విడిచి ఏడు నెలలైంది. ఉత్తరం లేదు, ఫోను లేదు, ఎక్కడుందో తెలియదు. తాత దగ్గర వదిలి పనికి వెళ్దామంటే, బడిలో చేరకముందు ఒకసారి ఆయన పక్కనుంచే జానెడు తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు కిర్రుమన్న చప్పుడు ఆయనకు వినపడలేదు. నాలుగు వీధుల అవతల కూడలిలో, లారీల మధ్య నిలబడి ప్రతి లారీ నంబరూ చూస్తున్న పిల్లని ట్రాఫిక్ పోలీసు చంకనెత్తుకుని తీసుకొచ్చాడు. ఈ వయసు పిల్లల్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉంచుకునే బడి చుట్టుపక్కల ఇదొక్కటే. ఈ సీటు పోతే పిల్లకి చోటు లేదు. పిల్లకి చోటు లేకపోతే టేపుకి పని లేదు.

పెద్ద మేడమ్ గదిలో పెద్దల్ని కూడా చిన్నపిల్లల కుర్చీల్లోనే కూర్చోబెడతారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే పెద్దరికం ఎక్కడ నిలుస్తుంది? తండ్రీ కొడుకులు ముడుచుకు కూర్చున్నారు. జానెడు కూర్చోలేదు, నిలబడింది, సంచితో సహా. కిటికీలోంచి అవతలి వరండా కనపడుతోంది. అక్కడ బల్ల మీద ఒక భార్యాభర్తలు, వాళ్ళ మధ్య కొత్త బూట్లు వేసుకున్న ఒక పాప.

"వాళ్ళు ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నారు," అంది పెద్ద మేడమ్. మనిషి సౌమ్యంగానే మాట్లాడుతుంది. అదే భయం వేసే సంగతి. "మా నియమం అందరికీ ఒకటేనండీ. మూడు వారాల్లో పిల్లలు సర్దుకోవాలి. సర్దుకోలేకపోతే వాళ్ళకీ హింస, మాకూ హింస. కాగితం రాసేశాను. సంతకం పెట్టడమే మిగిలింది."

"మేడమ్, సర్దుకుంటున్నానని రోజూ చెప్తోందండీ."

"చెప్తే సరిపోతుందా? ఎక్కడ సర్దుకుందో చూపించండి."

"నేను చూపిస్తా మేడమ్!" గుమ్మంలోంచి ఆయా గొంతు.

ఆ బడిలో ఆయా గదుల్లో ఆయా వేళలకు జరగాల్సిన ఆయా పనులన్నీ చేసేది ఆయా ఒక్కతే. అందుకే ఎప్పుడూ ఆయాసం. ఇప్పుడు ఆ ఆయాసంతోనే, మోకాలి పైదాకా వచ్చే అట్టపెట్టె ఒకటి గదిలోకి తోసుకొచ్చింది. నీళ్ళ ఫిల్టరు కొన్నప్పుడు వచ్చిన పెట్టె అది.

"మెట్ల కింద, పడక చాపల వెనకాల దొరికింది మేడమ్. పదిహేను రోజులుగా పోతున్నవన్నీ ఇందులోనే ఉన్నాయి. పాలకప్పులు! రంగుల చెక్కలు! డస్టరు! నా చెప్పు! నా చెప్పెక్కడో చెప్పు చెప్పు అని ఈ బడిలో అడగని మనిషి లేదు. వారం రోజులుగా ఒంటి చెప్పుతో తిరుగుతున్నా!"

టీచరు పైనున్న కప్పొకటి తీసి, దాని చుట్టూ ఉన్న కాగితం విప్పి చూసింది. గీతలు, గళ్ళు, పేర్లు, టిక్కులు. ఆమె మొహం పాలిపోయింది. "మేడమ్... ఇది నా హాజరు పట్టీ."

రెండు వారాలుగా కనపడని హాజరు పట్టీ. క్లాసులో హాజరైన పిల్లలందరూ ఇప్పుడు పదకొండు కప్పుల చుట్టూ హాజరై ఉన్నారు.

"నాలుగేళ్ళ పిల్లని దొంగ అని నేను అనను," అంది పెద్ద మేడమ్, కలం మూత తీస్తూ.

"దొంగా? ఎవరు దొంగ?" తాత లేవబోయాడు. చిన్న కుర్చీ ఆయనతో పాటే లేచింది. "మా ఇంటావంటా దొంగలు లేరమ్మా! పిండిమరలో ముప్ఫై ఎనిమిదేళ్ళు! గుప్పెడు పిండి అటూ ఇటూ అయితే ఒట్టు!"

"అనలేదని చెప్తున్నారండీ తాతగారూ," అని టీచరు కుర్చీ ఊడబీకింది.

టేపు ఇవేమీ వినడం లేదు. పెట్టె చూస్తున్నాడు. చెక్కలు బరువని అడుగున, వరస తప్పకుండా. వాటి మీద మడతపెట్టిన గుడ్డ. కప్పుల్ని నిలబెట్టలేదు, పక్కకి పడుకోబెట్టింది. కప్పు చెవిలోంచి కాగితం దూర్చి లోపలికి మడిచింది. కప్పుకీ కప్పుకీ మధ్య నలిపిన కాగితం ఉండ. కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి ఆర్నెల్లు చెప్పినా చేతికి రాని పనితనం. ఆదివారాలు మధ్యాహ్నం పొద్దుపోక, పాత కప్పులూ పాత పేపర్లూ ముందేసి ఆటగా నేర్పింది తనే. పెట్టె మూత మీద ఎర్ర రంగుపెన్సిలుతో ఒక గ్లాసు బొమ్మ. లోపలున్నది పగిలే సరుకు అని చెప్పే గుర్తు. దాన్ని గీయడం నేర్పింది కూడా తనే.

లోపమంటూ ఉంటే లోపలే ఉంది. పెట్టె మధ్యలో ఇంత ఖాళీ.

అతను కుర్చీలోంచి జారి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "జానెడూ, ఇది నువ్వే సర్దావా?"

మూడు వారాల్లో మొదటిసారి ఆ బడిలో ఆ పిల్ల మొహం వెలిగింది. మఫ్లరు కిందకి లాక్కుని, "ఊఁ! బాగుందా?" అంది.

"బాగుంది," అన్నాడు. అనకుండా ఉండలేకపోయాడు. "కప్పులు భలే చుట్టావు."

"మీరు మెచ్చుకుంటున్నారా?" అంది పెద్ద మేడమ్.

"లేదండీ... అంటే... ఎందుకు సర్దావమ్మా ఇదంతా?"

ఇంత తెలివితక్కువ ప్రశ్న తండ్రి నోట వింటానని జానెడు అనుకున్నట్టు లేదు. "నువ్వే కదా చెప్పావు! రోజూ పొద్దున్న చెప్తావు కదా, బాగా సర్దుకో అని." వేళ్ళు మడిచింది. "టీచర్ కూడా చెప్పింది. 'నువ్వింకా సర్దుకోలేదే' అంది. నేను గబగబా వెళ్ళి సర్దాను. మళ్ళీ సర్దుకోలేదంది. మళ్ళీ సర్దాను. తాత కూడా చెప్పాడు. పెద్ద మేడమ్ కూడా చెప్పింది."

"నేనా?"

"మొదటి రోజు. నలుగురితో సర్దుకుపోవాలమ్మా అన్నావు."

పెద్ద మేడమ్ కలం కాగితం మీదే ఆగింది. అన్న మాటే. బడిలో చేరిన ప్రతి పిల్లకీ గడ్డం పట్టుకుని చెప్పే మాటే. సర్దుకుపో. సర్దుకు పో. మధ్యలో చిన్న ఎడం. అచ్చులో అయితే కనపడేది, నోట్లో కనపడదు.

"నలుగురివీ సర్దాను," అంది జానెడు, లెక్క తప్పలేదన్నట్టు. పెట్టెలో చెయ్యి పెట్టి నాలుగు పొట్లాలు బయటికి తీసింది. "ఇది పళ్ళూడిన అక్క మేజోడు. ఇది బొద్దు తమ్ముడి రుమాలు. ఇది కొరికే పిల్ల రబ్బరు బాతు. తను నన్ను కొరికింది, అయినా పర్లేదు. ఇది ఆయమ్మ చెప్పు."

ఆయా నోరు తెరిచింది. అరవడానికని తెరిచిన నోరు వేరే ఏదో అడిగింది. "నన్నెందుకే తీసుకెళ్దామనుకున్నావు?"

"నువ్వు పాలు చల్లార్చి ఇస్తావుగా."

ఆయా చెప్పు తీసుకుంది కానీ కాలికి వేసుకోలేదు. చేత్తో పట్టుకుని గోడకానుకుని నిలబడింది.

టేపు పెట్టెలో ఖాళీ చూపించాడు. "మరి ఇదేంటి చిట్టీ? మధ్యలో ఖాళీ వదలకూడదని చెప్పాను కదా. సామాను కదిలి పగిలిపోతుంది."

"ఖాళీ కాదు. అది నాది."

సంచి విప్పింది. మూడు వారాల్లో మొదటిసారి. దాన్ని పక్కన పెట్టి, పెట్టె అంచు పట్టుకుని లోపలికి దిగి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుంది. కప్పులు అటూ ఇటూ చేతులకు ఒత్తుకున్నాయి. తల సరిగ్గా అంచుకి దిగువన. ఎక్కడా వేలు దూరే సందు లేదు. పదకొండేళ్ళ అనుభవంలో టేపు అంత కచ్చితమైన కొలత చూడలేదు.

"ఎక్కడికి వెళ్దామని?" అన్నాడు. తెలిసే అడిగాడు.

"అమ్మ దగ్గరికి."

పెట్టెలోంచి చిన్న గొంతు చెప్పుకుపోయింది, ఓపిగ్గా, పెద్దవాళ్ళకు అర్థమయ్యేటట్టు విడమరిచి.

"అమ్మకి సర్దుకోవడం రాదు కదా నాన్నా. ఆ రోజు నీతో అంది కదా, సర్దుకోలేను, సర్దుకోలేను అని. నేను తలుపు వెనకాలున్నా. విన్నా. రాలేదు కాబట్టే సగం వదిలేసి వెళ్ళిపోయింది. దువ్వెన వదిలేసింది. ఎర్ర చీర వదిలేసింది. నన్ను కూడా పెట్టుకోవడం మర్చిపోయింది. నాకు వచ్చు. నువ్వు నేర్పావుగా. అందుకే అన్నీ నేనే సర్దుకున్నా. ఇంక మూత వేసి టేపు వేసెయ్యి. లారీలో పెట్టి పంపించెయ్యి."

"ఏమంటోందిరా?" అన్నాడు తాత. పిల్ల ఆయనకు చెవిటి వైపు ఉంది. "ఏమంటోంది?"

"తరవాత చెప్తానండీ," అని టీచరు ఆయన కుడి చెవి దగ్గర అంది.

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కిటికీలోంచి అవతలి బల్ల వైపు చూసింది. కొత్త బూట్ల పాప కాళ్ళు ఊపుతోంది. తరవాత అంది: "నేను రాతిగుండె మనిషిని కానండీ. పిల్లకి మాట అర్థం కాలేదు. అర్థం కాని మాటకి శిక్ష వెయ్యలేను. ఇంకో వారం ఇస్తాను."

టేపు చేతులు జోడించాడు.

"ఆగండి. ఊరికే ఇవ్వను. సర్దుకోవడమంటే ఏంటో ఇప్పుడే, ఇక్కడే, నా ఎదురుగా పిల్లకి చెప్పండి. మేమంతా ఏం చెయ్యమన్నామో తనకి తెలియాలి. తెలిసి, ఉంటానని తన నోటితో తను అంటే ఈ కాగితం చింపేస్తాను. అనలేదంటే, వాళ్ళని లోపలికి పిలవాలి నేను. వాళ్ళదీ పిల్లే."

"ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెప్తానండీ."

"ఇప్పుడే."

న్యాయమైన మాట. కాదనడానికి అందులో ఎక్కడా సందు లేదు. టేపు మాత్రం, మోయలేని బీరువా మెట్ల మీద చేతికిచ్చినట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తరవాత పెట్టె అంచు మీద రెండు చేతులూ ఆనించాడు. అట్టే మాట్లాడని మనిషి జీవితంలో అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదలు.

"సర్దుకోవడాలు రెండున్నాయి చిట్టీ. ఒకటి మనం చేసేది, పెట్టెల పని. అది నీకు నాకంటే బాగా వచ్చు. ఇంకోదానికి పెట్టె అక్కర్లేదు. కొత్త చోటికి వస్తాం. మొదట్లో నచ్చదు. వాసన కొత్త, మనుషులు కొత్త, ఒకళ్ళు కొరుకుతారు కూడా. అయినా వెళ్ళిపోం. ఉంటాం. ఇవాళ కాసేపు, రేపు ఇంకాసేపు. ఉండగా ఉండగా బూట్లు విప్పుకోబుద్ధేస్తుంది. సంచి కిందపెట్టాలనిపిస్తుంది. దాన్ని కూడా సర్దుకోవడమే అంటారు. నేను రోజూ చెప్పింది అదీ. టీచర్ చెప్పింది అదీ. సర్దుకుని వెళ్ళిపొమ్మని కాదు. ఉండమని."

"నేనన్నదీ అదేనమ్మా," అంది పెద్ద మేడమ్. "నలుగురితో కలిసిమెలిసి ఉండమని."

"నేను కూడా బూట్లు విప్పమనే," అంది టీచరు. "నువ్వు గబగబా వెళ్ళిపోతుంటే ఆడుకోవడానికి వెళ్తున్నావనుకున్నానే పిచ్చిపిల్లా! నా హాజరు పట్టీ చింపడానికి వెళ్తున్నావని నాకేం తెలుసు!"

ఈసారి అందరూ గట్టిగా మాట్లాడటంతో తాతకు మొత్తం వినపడింది. ఆయన తొడ చరిచాడు. "ఓరి నీ! అదా సంగతి! వీళ్ళు సర్దుకో అంటే ఇది సర్దేసింది! నేను సర్దు అంటే సర్ది అనుకున్నా! మా వంశానికే ఈ మాట అచ్చిరాలేదమ్మా!"

ఆయా ముందు నవ్వింది, చేతిలోది నోటికి అడ్డం పెట్టుకుని, అది చెప్పు అని గుర్తొచ్చి తీసేసి. తరవాత టీచరు. తరవాత పెద్ద మేడమ్ కూడా. హాజరు పట్టీ కాగితాల ఉండలు నేలంతా దొర్లుతుంటే ఆ చిన్న గది నవ్వుతో నిండిపోయింది. మూడు వారాల తికమక మూడు నిమిషాల్లో విడిపోయింది. దొంగతనం లేదు, మొండితనం లేదు, మాటకున్న రెండో అర్థం తప్ప ఏమీ లేదు. పెద్ద మేడమ్ రెండు వేళ్ళతో కాగితాన్ని పైకెత్తి, చింపడానికి సిద్ధంగా పట్టుకుని, పెట్టెలోకి వంగింది.

"అర్థమైందా బంగారం? మరి ఉంటావా మాతో?"

జానెడు ఆమె వైపు చూడలేదు. కనుబొమ్మలు ముడుచుకుని ఏదో సరిచూసుకుంటోంది. బరువైనది అడుగున పెట్టాలా, పైన పెట్టాలా అని ఆలోచించేటప్పుడు ఆ పిల్ల అలాగే ఉంటుంది.

"నాన్నా."

"ఊఁ."

"ఉండటాన్ని సర్దుకోవడం అంటారా?"

"అవునమ్మా."

"మరి ఉండటం ఇష్టం లేనివాళ్ళు సర్దుకోలేను అంటారా?"

టీచరు నవ్వు ముందు ఆగింది.

"నాన్నా, అంటారా?"

"...అంటారు."

"అయితే అమ్మ అంది పెట్టెల గురించి కాదా?" గొంతు పెరగలేదు, వణకలేదు. "అమ్మ ఎవరితో సర్దుకోలేనంది? నీతోనా, నాతోనా?"

పెద్ద మేడమ్ చేతిలో కాగితం అలాగే ఉంది, చింపకుండా, సంతకం లేకుండా. తలుపు వెనకున్న పిల్లకి ఆ రోజు వినపడింది వాక్యంలో చివరి సగం. దానికి ముందు సగం ఒకటుంది, ఎవరితోనో చెప్పేది. అది విన్నవాడు టేపు ఒక్కడే. పెట్టెలో కూర్చున్న కూతురు రెప్ప వెయ్యకుండా అతని నోటి వైపే చూస్తోంది.